ఇంచిన్నర మేకులు

"రేపట్నుంచి ఈ తలుపు తెరుచుకోదు," అన్నాడు వడ్రంగి. అతని చేతిలో ఇంచిన్నర మేకు ఉంది. పెరట్లో ఆడుకుంటున్న ఐదేళ్ల కూతురి పాదం పక్కనుంచి అప్పుడే ఏరాడు. వెంట్రుకవాసిలో తప్పింది.

బడినుంచి రాగానే పిల్ల చెప్పులు ఓ మూల, పిల్ల పెరట్లో. తడిమట్టి మీద కాలి బొటనవేలితో బొమ్మలు గీస్తుంది. రోజు మొత్తంలో అది నోరారా నవ్వేది ఆ గంటసేపే. అందుకే తల్లి వెనకేసుకొచ్చింది. మన పెరడే కదా, వీధి కాదు కదా, రోజూ నేనే ఊడుస్తున్నాను కదా అంది.

"నువ్వు ఊడ్చిన సంగతి అయస్కాంతం చెబుతుందిలే."

పాత స్పీకరులోంచి ఊడదీసిన అయస్కాంతం అది. పనిచోట కిందపడ్డ మేకులు ఏరడానికి ఎప్పుడూ అతని సంచిలోనే ఉంటుంది. దానికి తాడు కట్టి పందెం వేశాడు. ఒక్క మేకు కూడా అంటుకోకపోతే పిల్ల ఇష్టం. అంటుకుంటే పెరటి తలుపుకి అడ్డచెక్క కొట్టేస్తాడు. భార్య సరేనంది. ఆమె చీపురు మీద ఆమెకి అంత నమ్మకం. పిల్లకీ సంగతి అర్థమై, గడపమీద కూర్చుని కళ్లప్పగించి చూస్తోంది.

దండెం కింద ఏమీ తగల్లేదు. గోడ వెంబడీ లేదు.

"అయిపోయిందా నాన్నా?"

కాలేదు. కుళాయి దగ్గర టక్కుమని ఒకటి అంటుకుంది. వెంటనే ఇంకోటి. పనినుంచి రాగానే అతను ప్యాంటు మడతలు విప్పి దులుపుకుని, కాళ్లు కడుక్కునే బండ అది. దాని చుట్టూ తొమ్మిది తేలాయి.

భార్య ముఖం పాలిపోయింది. ఒక మేకు తీసి వెలుతురుకి పెట్టి చూసింది.

"పొద్దున్నే ఊడ్చానండీ. ఇవెక్కడివి? తుప్పన్నా లేదే."

"తుప్పు లేకపోతే గుచ్చుకోదా?"

ఆమె మేకుని బండ మీద పెట్టేసింది. ఏ ఇంట్లోనైనా చివరికి గెలిచేది పెద్ద గొంతే. పిల్ల ఏడవలేదు. లేచి వెళ్లి, మూలనున్న చెప్పులు తొడుక్కుని వచ్చి నిలబడింది. ఏడ్చినా బాగుండేది.

అతను తలుపు మూసి చెక్క అడ్డంగా ఆనించాడు. ఒక కొస పట్టుకోమని భార్యకి చెప్పాడు. ఆమె పట్టుకుంది. సుత్తి ఎడంచేతిలోకి మార్చుకుని, మేకు కోసం కుడిచెయ్యి ప్యాంటు జేబులో పెట్టాడు. పొద్దున పనికి వెళ్తూ గుప్పెడు పోసుకున్నాడు. సగం కూడా వాడలేదు.

చేతికి మేకు తగల్లేదు. జేబు చిరుగులోంచి తన తొడే తగిలింది.