కొండ మీదికొచ్చిన అమెరికన్

"నీ ఉద్యోగానికి మనిషి వచ్చాడు," అన్నాడు ఆర్లో, ట్రక్కు దిగకుండానే.

నికనోర్ చేతిలోని గొర్రెపిల్లను కిందికి వదిలాడు. ఆర్లో పక్కన నలభై అయిదేళ్ల మనిషి ఒకడు కూర్చుని, ఎదురుగా ఉన్న బోడి కొండను పెళ్లిచూపుల్లో పిల్లను చూసినట్టు చూస్తున్నాడు. ఒళ్లో కాఫీ గింజలు పొడిచేసే చిన్న మర ఉంది.

అతన్ని సామాను దించుకోమని పంపి, ఆర్లో నికనోర్‌ను పక్కకు పిలిచాడు.

"రూలు నేను పెట్టింది కాదు. నీ కాంట్రాక్టు సగం దాటేదాకా అమెరికావాడు ఎవడొచ్చి అడిగినా ఈ పని వాడికే ఇవ్వాలి. నా మందకి ఒక్క కాపరి చాలు. రెండు వారాలు చూస్తా. వాడు నిలబడ్డాడా, నీకిచ్చిన పని వెనక్కి తీసుకున్నానని వీసా ఆఫీసుకి రాసి, నిన్ను పెరూ పంపించెయ్యాలి."

"నా మీద తప్పు రాస్తారా అయ్యా?"

"నీ తప్పేముంది ఇందులో? నీ అంతట నువ్వే వదిలేసి పోతే వేరే సంగతి. నిన్నే కాదు, నీ తమ్ముణ్ణి కూడా ఇంకెప్పుడూ ఇక్కడికి పనికి పిలవరు. ఇది అలా కాదులే. టికెట్టు నేనే కొంటా." ఆర్లో గొంతు తగ్గించాడు. "అసలు అంతదాకా ఎందుకు? వాడికి ఎలుగుబంటి సంగతి చెప్పు."

"ఈ పక్కన ఎలుగుబంట్లు లేవు కదయ్యా."

"ఉన్నాయంటే నీ సొమ్మేం పోయింది?"

వయోమింగ్ కొండల్లో నికనోర్‌కిది మూడో ఏడు.

వచ్చినవాడి పేరు వెండెల్. ఒమాహాలో ఇరవై ఏళ్లు బీమా కంపెనీలో చేశాడు. గోల లేని చోటు కావాలట. ప్రకటనలో 'ఏకాంతంగా ఉండగలగాలి' అన్న మాట చూసి ఎగిరి గంతేశాడట.

కాపరులు ఇల్లులా వాడుకునే చక్రాల బండిలో ఉన్నది ఒకటే మంచం. నికనోర్ దాన్ని వెండెల్‌కు ఇచ్చి, తన దుప్పటి బండి కింద, కుక్క పక్కన పరుచుకున్నాడు.

"ఇక్కడ ఎలుగుబంట్లున్నాయా?" అని మొదటి రోజే అడిగాడు వెండెల్.

"లేవు. తోడేలు జాతివి కొన్ని తిరుగుతాయి. వాటికి మనమంటేనే భయం."

"పిడుగులు?"

"చప్పుడెక్కువండీ, అంతే."

మూడో రోజు వెండెల్ నలభై గొర్రెల్ని పోగొట్టుకున్నాడు. అతను క్షమాపణ చెప్పడం పూర్తయ్యేలోగా నికనోర్ వాటిని తోలుకొచ్చాడు. అయిదో రోజు వెండెల్ కాళ్లు బొబ్బలెక్కితే గొర్రె కొవ్వు రాసి గుడ్డ చుట్టాడు. బంగాళాదుంపల సూప్ కాచి, మాంసం ముక్కలన్నీ ఏరి అతని గిన్నెలో వేశాడు. ఏ గొర్రె కుంటుతోందో దూరం నుంచే ఎలా పోల్చుకోవాలో, కుక్కకు ఏ ఈలకు ఏ అర్థమో, మూడేళ్లలో నేర్చుకున్నదంతా వారంలో చెప్పేశాడు.

రోజూ పొద్దున్నే లేచి ముందుగా బండి మెట్టు వైపు చూసేవాడు. వెండెల్ బూట్లు అక్కడ ఉండేవి. వాటిని చూశాకే నికనోర్ పొయ్యి రాజేసేవాడు. ఈ మనిషికి ఇంత చేస్తున్నది మంచితనంతోనేనా అని ఒకసారి తన్ను తాను అడిగాడు. గొర్రె గిట్టను నొక్కి చూసినట్టు మనసును అక్కడక్కడా నొక్కి చూసుకున్నాడు. జవాబు వచ్చేలోగా మంద కదిలింది.

ఆదివారం, ఫోను పలికే గుట్ట ఎక్కి భార్య యులాలియాతో మాట్లాడాడు.

"ఆ మనిషి ఉంటాడంటావా?" అంది ఆమె.

"ఉండేలాగే ఉన్నాడు."

అవతల అగ్గిపుల్ల గీసిన చప్పుడైంది.

"రోజూ కొవ్వొత్తి వెలిగించి మొక్కుతూనే ఉన్నా," అంది.

వారం సరుకులు తెచ్చిన ఆర్లో, బండి కింద పరిచిన నికనోర్ దుప్పటి చూసి తల కొట్టుకున్నాడు.

"నీ నోటికాడ కూడు తీసి వాడి కంచంలో పెడుతున్నావు కదయ్యా! నీలాంటి అమాయకుణ్ణి నేనెక్కడా చూళ్లేదు."

"ఆయన పని బాగా నేర్చుకుంటున్నారయ్యా," అన్నాడు నికనోర్.

పదమూడో రోజు ఆర్లో మళ్లీ వచ్చేసరికి వెండెల్ సంచి సర్దుకుని, కాఫీ మర చంకలో పెట్టుకుని మెట్టు మీద కూర్చుని ఉన్నాడు.

నికనోర్ మొహం పాలిపోయింది. "ఏమైందండీ? సూప్ నచ్చలేదా? మంచం గట్టిగా ఉందా?"

"ఇంత మంచి చోటు నేను పుట్టాక చూళ్లేదు. చచ్చేదాకా ఉండిపోదామనుకున్నా." వెండెల్ కళ్లు తుడుచుకున్నాడు. "నేనుంటే నిన్ను పంపించేస్తారని నిన్ననే ఫోన్‌లో ఆర్లో చెప్పాడు. అది తెలిసి కూడా నాకు ఇంత చేశావు. నీలాంటివాడి పొట్ట కొట్టి నేను బతకలేను నికనోర్."

"నాకేం పరవాలేదండీ. ఉండండి. నిజంగా చెబుతున్నా, ఉండండి."

"చూశావా, ఇప్పుడు కూడా!" అని వెండెల్ అతన్ని కావలించుకుని ట్రక్కెక్కాడు.

ఆర్లో కిటికీలోంచి చెయ్యి చాచి నికనోర్ భుజం తట్టాడు. "బతికిపోయావు పో. సగం గడువుకి ఇంకా పదకొండు రోజులే. ఆ తర్వాత ఏ అమెరికావాడొచ్చినా నిన్ను కదపలేడు."

"మీ దయ అయ్యా," అన్నాడు నికనోర్.

ట్రక్కు కొండ దిగి కనుమరుగయ్యేదాకా అతను అక్కడే నిలబడి, ఈ పదకొండు రోజుల్లో ఇంకో అమెరికన్ వస్తే మాత్రం వాడితో కాస్త దుర్మార్గంగా ఉండాలని, అప్పుడైనా వాడు జాలిపడి వెళ్లిపోకుండా ఉండిపోతే తనను ఇంటికి పంపిస్తారని గట్టిగా నిర్ణయించుకున్నాడు.