ఘస్సాన్ సెట్టింగుల ఫైలు

“ఆ ప్రోగ్రాం ఏదైనా అడిగే పంపుతుంది. ‘ఇది పరీక్ష సర్వర్ కాదు, అసలుది. పంపమంటారా?’ అంటుంది. నువ్వు చదవకుండా సరే కొట్టావు,” అన్నాడు ఘస్సాన్.

“నన్నడగలేదు, అబూ జాద్,” అంది నుహా. జాద్ తండ్రి అని ఆఫీసులో అందరూ అతన్ని పిలిచే పేరు అది. ఆమె ఉద్యోగంలో చేరి నాలుగు రోజులే అయింది.

ఆమె ఇచ్చిన ఒక్క కమాండుకు, రోగుల పేర్లు చూపే కొత్త ప్లగిన్ వెళ్లి జర్కా ఊరి నుంచి ఇర్బిద్ దాకా పదకొండు డయాలసిస్ కేంద్రాల్లో పడింది. తెరల మీద రోగుల పేర్లు పోయి, ఆమె పరీక్షకు రాసుకున్న ఉత్తుత్తి పేర్లు వచ్చాయి. పాత ప్లగిన్ తిరిగి పెట్టేసరికి అరగంట పట్టింది. ఆ పిల్లను ఇవాళే ఇంటికి పంపెయ్యమన్నాడు డైరెక్టర్.

“తప్పు చేస్తే చేశావు. అబద్ధం నాకు గిట్టదు. నన్ను వెయ్యిసార్లు అడిగింది అది.”

“ఈమధ్య అడిగిందా?”

ఆఖరిసారి ఎప్పుడడిగిందో ఘస్సాన్‌కు గుర్తు రాలేదు.

“ఆదివారం మీ సెట్టింగుల ఫైలే నా కంప్యూటర్లోకి కాపీ చేసిచ్చారు. కొత్తవాళ్లందరికీ అలాగే ఇస్తారటగా.”

అతను ఫైలు తెరిచాడు. ‘దేనికీ అడగొద్దు’ అన్న వరుస అందులో ఉంది. పక్కన మూడేళ్ల కిందటి తేదీ. భార్య ఆసుపత్రిలో ఆఖరి రోజుల్లో ఉండగా, బయట బల్ల మీద కూర్చుని, ఎవరికీ జవాబు చెప్పే ఓపిక లేక తనే రాసుకున్నాడు.

ఫోన్ మోగింది.

“పంపేశావా?” అన్నాడు డైరెక్టర్.

“లేదు. తప్పు నాది.”

“ఆ పిల్లను వెనకేసుకొస్తున్నావు.”

“ఇన్నేళ్లలో నేనెవరినైనా వెనకేసుకొచ్చానా? అడగొద్దన్న వరుస నా ఫైల్లోంచే ఆ పిల్లకు వెళ్లింది, నేను రాసిందే. చదువుతాను, రాసుకోండి.”