అడ్డంగా పెట్టని చెంచా

లొవిక్ కప్పు మళ్లీ ఖాళీ అయింది. సాసరు తన దగ్గరే ఉంచుకుని, కప్పు ఒక్కటే ముందుకు జరిపాడు. ఇంటావిడ హెస్టర్ కళ్లు తేయాకు దాచిన తాళం పెట్టె వైపు పోయాయి.

యార్క్ పట్నంలో టీ చాలు అని నోటితో చెప్పడమూ, కప్పులో వదిలేయడమూ మర్యాద కాదు. చెంచా తీసి కప్పు మీద అడ్డంగా పెట్టాలి. పెట్టేదాకా ఇంటావిడ పోస్తూనే ఉండాలి. మిగతా నలుగురు అతిథులూ ఎప్పుడో పెట్టేశారు. ఈ పెద్దమనిషి మాత్రం తాగుతూనే ఉన్నాడు. చూస్తే చర్చిలో ప్రార్థనలు చదివే సాధువు, కడుపు చూస్తే దిగుడుబావి!

తాళం పెట్టె అడుగున తేయాకు చిటికెడు మిగిలింది. అదీ అయిపోతే హెస్టర్ పరువు గోవిందా. అమ్మమ్మ నాటి ఆరు వెండి చెంచాల్లో ఒకదాన్ని గుట్టుగా అమ్మి, ఆ మాత్రం తేయాకు కొన్నది. ఉన్న ఐదూ అతిథులకే పెట్టమని, తన కప్పుకు చెంచా వద్దని పనిమనిషి జోన్‌కు మరీ మరీ చెప్పింది. కలిసొస్తుందని తాను చుక్కైనా తాగలేదు. ఆవిడ కప్పు వెండి కూజా వెనకాలే ఉండిపోయింది.

"ఏమిటయ్యా లొవిక్, హెస్టర్ ఇల్లు గుల్ల చేస్తావా?" అంది పక్క కుర్చీలో కూర్చున్న గార్త్ అమ్మగారు. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు.

"ఏం చెయ్యనమ్మా, అమృతంలా ఉంది," అంటూ ఆయన సాసరును చేత్తో కప్పేశాడు.

చివరికి కూజాలోంచి రంగు లేని వేడినీళ్లే వచ్చాయి. లొవిక్ వాటినీ ఊదుకుంటూ తాగి, భేషుగ్గా ఉందన్నాడు. ఎందుకంటాడు? హెస్టర్‌కు కోపం పోయి, వింతగా తోచింది. అడగకుండా ఉండలేకపోయింది. అందరినీ సాగనంపి, ఆయన్ని మాత్రం గుమ్మం దగ్గర ఆపింది.

"ఏమీ అనుకోకండి. ఒక్క చెంచా ఎత్తి కప్పు మీద పెట్టడం మీకంత బరువైందా?"

లొవిక్ పొట్ట నిమురుకుంటూ వెనక్కి బల్ల దగ్గరికి నడిచి, వెండి కూజాను పక్కకు జరిపాడు. హెస్టర్ ముట్టని కప్పు పక్కన, జోన్ అలవాటు కొద్దీ పెట్టేసిన చెంచా తళతళలాడుతోంది.

"మీ ఆరో చెంచాను మొన్న వెండి కొట్టులో చూశానమ్మా. నా దగ్గర చెంచా లేదని నోరెత్తితే, గార్త్ అమ్మగారు అందరివీ లెక్కపెట్టేవారు."