చెవి లేని వరి

నూకరత్నం వేళ్లకు కళ్లున్నాయని ఊరంతా నమ్మేది. లేతగా ఉన్నప్పుడు వరీ, దాని కలుపు మొక్క ఊదా కవల పిల్లలే. ఆమె మాత్రం ఆకు మొదలు తడిమి, చెవిలాంటి చిన్న పొర తగిలితే వరి అని వదిలేసేది, తగలకపోతే ఊద అని పీకేసేది. కలుపు తీసే మరలు అన్ని ఊళ్లనీ మింగినా, ఇక్కడ ఆమె కూలీల ముఠా మిగిలిందంటే ఆ వేళ్ల పుణ్యమే.

మరలు చెవి లేనివాటిని పీకగా పీకగా, ప్రాణభయంతో ఊద కూడా చెవులు మొలిపించుకుంది! దాంతో విత్తనాలవాళ్లు చెవి లేని వరిని పుట్టించి, ఆ సంగతి మరలకు నేర్పారు.

ఈ ఏడు చెవుల ఊద ఈ ఊరికీ పాకేసరికి, రైతు గంగరాజు ఆ కొత్త వరే నాటించి, నూకరత్నానికి మాత్రం చెప్పలేదు.

"అత్తా, నీకూ మరకూ పోటీ. నువ్వు గెలిస్తే ఎప్పటికీ మీ ముఠాయే," అన్నాడు.

"ఏంటల్లుడూ, ఈసారి ఇంత ఊద!" అంటూనే ఆమె పీకింది.

మధ్యాహ్నానికి గట్టు మీద వరి కుప్పపడింది. ఆమె మడిలో చెవుల ఊద నిగనిగలాడుతూ నిలబడింది.

"వేళ్లు ముసలివైపోయాయత్తా! రేపట్నుంచి మీవాళ్లని రావద్దను," అని నవ్వాడు గంగరాజు.

ఆమె కుప్పలోంచి ఒక మొక్క తీసి, ఆకు మొదలు మూడుసార్లు తడిమింది. విషయం అర్థమైంది.

"నలభై ఏళ్లు మీ చేలోనే నడుం వంచాను. వరి మారిపోయినందుకు దాని మీద కోపం లేదల్లుడూ, దానికి నోరు లేదు. నీకుందిగా!"

గంగరాజు మర మీది బురద తుడవసాగాడు. ఆమె ఆ మొక్కను వాడిపోకముందే మడిలో గుచ్చి, గట్టెక్కింది.