ముట్టించి ఇవ్వడం

"చుట్ట, బీడీ ఏమైనా తాగుతావామ్మా?" పోయిన నెల తీసిన నెత్తురు పరీక్ష ఫలితాలతో విరుదునగర్ నుంచి కోవిల్పట్టిలో ఇంటికే వచ్చిన డాక్టరమ్మ అడిగింది.

అయిదు నెలల కడుపుతో ఉన్న వసంతికి రోషం వచ్చింది. "నేను బీకాం చదివినాను డాక్టర్."

"మంచిదే. కానీ నీ నెత్తురులో కాడ్మియం ఉంది. పొగాకులో ఉండే విషలోహం. నీకు ఇనుము తక్కువ. ఇనుము చాలని ఒళ్లు ఇలాంటివాటిని ఇంకా ఎక్కువ లాక్కుంటుంది. బిడ్డ ఎదగదు."

మంచంలోంచి అత్త మారియమ్మాళ్ నవ్వింది. పక్షవాతానికి మూతి వంకరపోయిందే గాని మాట పదును తగ్గలేదు. "తాగేది నేను డాక్టరమ్మా. ఆమె ముట్టించి ఇస్తాది, అంతే."

"ఎలా ముట్టిస్తావు?"

వసంతి తడబడింది. "నోట్లో పెట్టుకుని, బాగా అంటుకునేదాకా నాలుగు దమ్ములు లాగి... అత్తకు లాగే బలం లేదు."

"రోజుకెన్నిసార్లు?"

"పదిసార్లు. ఆరిపోతా ఉంటాది."

డాక్టరమ్మ తల వంచుకుని రాసుకుంది.

ఆమె వెళ్లాక మారియమ్మాళ్ కోడలి కడుపు వైపే చాలాసేపు చూసింది. కళ్లు తుడుచుకుంది. "నాకు తెలీలేదే తల్లీ. ఇంక నువ్వు ముట్టించొద్దు. నా మీద ఒట్టు."

అత్త ఇంత మెత్తగా మాట్లాడటం పెళ్లయ్యాక ఇదే మొదలు. వసంతికి ఏడుపొచ్చింది.

మారియమ్మాళ్ దిండు కింద నుంచి చుట్ట తీసి, గడప దగ్గర బొమ్మలు గీసుకుంటున్న ఎనిమిదేళ్ల మనవరాలిని పిలిచింది.

"సెల్వీ, ఇట్లా రా బంగారూ. ఇంకమీద నువ్వే ముట్టించాల."