ముప్పై ఈగలు

"ఈ వారం ఎన్నుండాయి సారూ?"

కదిరమ్మ గడప దాటీ దాటకముందే అడిగింది. కొంగుముడి విప్పి అగ్గిపెట్టె తీసి బల్ల మీద పెట్టింది. అందులో లెక్కగా ముప్పై చచ్చిన తేనెటీగలు.

"చూడకుండానే ఎట్ల చెప్పేది? కూర్చో. ముందు నీళ్లు తాగు," అన్నాడు శ్రీరంగప్ప.

కూజాలో నీళ్లు పొద్దున్నే ఆమె కోసం నింపిపెట్టాడు. ఆ సంగతి ఆయనకు తప్ప ఎవరికీ తెలియదు.

కళ్యాణదుర్గంలో తేనెటీగల కేంద్రమంటే ఒక గది, ఒక మైక్రోస్కోపు, ఒక శ్రీరంగప్ప. అంతే. ఈగల కడుపులో చేరే ఒక రోగాన్ని కనిపెట్టడం ఆయన పని. ముప్పై ఈగల పొట్టలు నూరి, నీళ్లు కలిపి, గళ్లు గీసిన గాజుపలక మీద ఒక చుక్క వేసి చూడాలి. రోగముంటే బియ్యపు గింజల్లాంటి బీజాలు మెరుస్తాయి. గడికెన్ని ఉన్నాయో లెక్కపెట్టి, పెట్టెలో ఈగలకు పోయడానికి చక్కెరపాకంలో మందు కలిపి ఇవ్వాలి. రోగం పూర్తిగా పోయేదాకా ప్రతి సోమవారం ముప్పై ఈగల్ని తెప్పించుకోవాలి. అది రూలు.

మాఘమాసం మొదట్లో కదిరమ్మ తొలిసారి వచ్చినప్పుడు గడికి నలభై కనిపించాయి. భర్త పోయి ఆరేళ్లయిన మనిషి, పిల్లలు లేరు. సర్కారు ఇచ్చిన ఆ ఒక్క పెట్టె కోసం నాలుగు కోసులు నడిచొచ్చింది. "బతుకుతాయా సారూ?" అని ఆమె అడిగిన తీరుకు శ్రీరంగప్పకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

శివరాత్రి వెళ్లిన సోమవారం చూస్తే ఒక్క బీజమూ లేదు! తన మందుకు తానే మురిసిపోయాడు. ఆ మురిపెం ఎంతోసేపు నిలవలేదు. రోగం పోయిందంటే ఈ మనిషి ఇంక రాదు. ఆయన భార్య పోయి తొమ్మిదేళ్లు. హోటలు కూడు, అద్దె గది. వారం మొత్తంలో తిన్నావా అని అడిగేది కదిరమ్మ ఒక్కతే.

"ఇంకా పన్నెండుండాయి. వచ్చే వారం రా," అనేశాడు.

ఒక అబద్ధం ఒంటరిగా ఉంటుందా? తర్వాతి వారం తొమ్మిదన్నాడు, ఆపై వారం పదకొండన్నాడు. మండే ఎండల్లో ఆమె వస్తూనే ఉంది, ఆయన సోమవారం కోసం బతుకుతూనే ఉన్నాడు.

ఇప్పుడు వైశాఖం కూడా అయిపోవస్తోంది. ఆ ఏడు కరువు అంతా ఇంతా కాదు. పూలు లేక తాలూకాలో పెట్టెలన్నీ ఖాళీ అయ్యాయి, ఈగలు కొండ మీది బండల సందుల్లోకి పోయాయి. నిలిచింది కదిరమ్మ పెట్టె ఒక్కటేనని పై ఆఫీసుకు గొప్పగా రాశాడు. అయినా మొన్న శనివారం ఉత్తర్వు వచ్చింది. గదికి తాళం వేసి, మైక్రోస్కోపు తీసుకుని గుంతకల్లుకు రావాలి.

ఇదే చివరి సోమవారం.

"చెయ్యి వాచిందే. మళ్లీ కుట్టినాయా?" అన్నాడు ఈగల్ని నూరుతూ. "పెట్టె ఈగలు మచ్చికైనవి కదా, ఇంతగా కుట్టవే."

"నాకింకా మచ్చిక కాలేదులే సారూ."

"ఆ గీతలేంది?"

"కట్టెలకు పోతే కంపముండ్లు గీసుకున్యాయి."

మైక్రోస్కోపులో కన్ను పెట్టాడు. ఎప్పటిలాగే ఏమీ లేదు. తల ఎత్తితే నిజం చెప్పాలి కాబట్టి చాలాసేపు ఎత్తలేదు.

"ఎన్ని సారూ?"

"ఒకటీ లేదు."

ఆమె ముఖం చిన్నబోయింది. "అయితే ఇంక రావాల్సిన పన్లేదా?"

"ఈ వారమే కాదు కదిరమ్మా. శివరాత్రి నుంచీ ఒకటీ లేదు. నువ్వు రావాలని నేనే అబద్ధం చెప్పినా. పాపిష్టోణ్ణి, ఇన్ని వారాలు నిన్ను ఎండలో నడిపిచ్చినా. ఎల్లుండి నన్ను గుంతకల్లుకు పొమ్మన్నారు. చెప్పకుండా పోతే నాకు కూడు దిగదు."

కదిరమ్మ ఖాళీ అగ్గిపెట్టెను వేళ్లతో తెరుస్తూ మూస్తూ కూర్చుంది. తిడుతుందనుకున్నాడు. తిట్టినా బాగుండు అనుకున్నాడు.

"వారానికి ముప్పై," అంది చివరికి. "అన్నన్ని ఈగల్ని వట్టిపున్యానికి చంపిపిచ్చినావు కదా సారూ."

"తప్పే. నీ పెట్టె పలచబడింటాది. గుంతకల్లు నుంచి నిండు పెట్టె ఒకటి నేనే తీసుకొచ్చి ఇస్తా."

ఆమె కిటికీలోంచి కొండ వైపు చూసింది. వాచిన చేతిని నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మా పెట్టెలో ఈగలు శివరాత్రికే లేచిపోయినాయి సారూ."