ఇరవయ్యో పేరు

గ్రూపు మార్చుకునే గడువు సాయంత్రం నాలుగింటికి ముగుస్తుంది.

ఆళ్లగడ్డ బస్సు నంద్యాల చేరేసరికే మూడు దాటింది. వీరబ్రహ్మం కూతురి చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కాడు. కాలేజీ దాకా వర్షిణి ఆటో బయటికే చూస్తూ కూర్చుంది.

వారం కిందట ఆ పిల్ల ఇంట్లో ఎవరికీ చెప్పకుండా బీఏ పొలిటికల్ సైన్స్‌లో చేరింది. నిన్న ఫోనుకు మెసేజ్ వస్తే గానీ తండ్రికి తెలియలేదు. బీఎస్సీ కంప్యూటర్స్‌కు మార్పించడానికే ఈ పరుగంతా.

ఆఫీసులో గుమాస్తా కరుణాకర్ ఒక ఫారం ఇచ్చి నింపుకు రమ్మన్నాడు. అంతా ఇంగ్లీషు.

"నేను రాయను నాయనా," అంది వర్షిణి.

వీరబ్రహ్మం శిల్పి. రాతి మీద ఎంత చిన్న అక్షరమైనా ఉలితో చెక్కేస్తాడు. కాగితం, పెన్ను అంటేనే అతనికి చెమటలు పడతాయి.

వరండాలో బల్ల మీద నలభై ఏళ్ల మనిషి ఒకాయన కూర్చుని, వచ్చినవాళ్లకు ఫారాలు నింపిస్తున్నాడు. చొక్కా కాలరు అరిగిపోయి ఉంది. తాసిల్దారు ఆఫీసు ముందు అర్జీలు రాసేవాళ్లను ఎందరినో చూసిన వీరబ్రహ్మం, ఈయనా అదే బాపతు అనుకున్నాడు.

"ఇది రాసిస్తావా అప్పా? నీకియ్యాల్సింది ఇస్తా."

ఆయన నవ్వి ఫారం అందుకున్నాడు. పాప పేరు అడిగాడు. వర్షిణి అని చెప్పగానే తలెత్తి ఆ పిల్లను ఒక్క క్షణం చూశాడు. ఏ గ్రూపు నుంచి ఏ గ్రూపుకని అడిగాడు. వీరబ్రహ్మం చెప్పాడు.

పెన్ను కదల్లేదు.

"పొలిటికల్ సైన్స్ ఎందుకు తీసుకున్నావమ్మా?"

ఎందుకు చేరావని నిన్నటి నుంచి అందరూ తిట్టారు. ఎందుకో తెలుసుకోవాలని అడిగింది మాత్రం ఈయనే.

"మా అమ్మమ్మ ఊర్లో సర్పంచి మా అత్త. కుర్చీలో కూర్చునేది మా మామ. అట్ల కూర్చోవచ్చని యాడ రాసిందో తెల్సుకోవాల."

ఎక్కడా రాసి లేదన్నాడాయన. ఆయన ముఖం వెలిగిపోయింది. పంచాయతీలకు చట్టం ఎలా వచ్చిందో, ఆడవాళ్లకు ఆ కుర్చీ ఎందుకు ఇచ్చారో, మొగుడు అందులో కూర్చుంటే ఎవరికి చెప్పుకోవాలో కథలా చెప్పుకుపోయాడు. నిలబడి ఉన్న వర్షిణి ఎప్పుడు కూర్చుందో తనకే తెలియదు. మధ్యలో మూడు ప్రశ్నలు కూడా వేసింది.

మూడున్నరయింది.

"మా ఆళ్లగడ్డలో రాజకీయం నేర్చుకునేకి కాలేజీ దేనికప్పా?" అన్నాడు వీరబ్రహ్మం. "టీ అంగడి కాడ గంటసేపు కూర్చుంటే చాలు."

"లీడర్ల విగ్రహాలు చేసేది నువ్వే కదా నాయనా."

"చచ్చినోళ్లవి చేస్తాండా. బతికుండేవాళ్ల జోలి నాకొద్దు."

ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వులోనే వీరబ్రహ్మానికి దగ్గు వచ్చింది. ఎంతకూ ఆగలేదు. పాతికేళ్లుగా పీల్చిన రాతిపొడి అది.

దగ్గు తగ్గాక గొంతు తగ్గించి తన భయం చెప్పుకున్నాడు. డాక్టరు ఉలి పక్కన పెట్టమన్నాడు. లాగితే ఇంకో మూడేళ్లు లాగగలడు. ఆలోగా పిల్ల తన కాళ్ల మీద నిలబడాలి.

"ఇది చదివితే ఉద్యోగం వస్తాదా అప్పా? నిజం చెప్పు."

వస్తుందన్నాడాయన. కానీ డిగ్రీ తర్వాత ఎంఏ చెయ్యాలి. లేదంటే గ్రూప్స్ పరీక్షలు రాస్తూ పోవాలి. ఆరేడేళ్లు పట్టొచ్చు. అంతకాలం ఆగగలిగిన ఇల్లయితే ఇంతకన్నా మంచి చదువు లేదన్నాడు.

"నీ బిడ్డయితే ఏం చేస్తావ్?"

ఆయన పెన్ను పక్కన పెట్టాడు. వర్షిణి వంక చూశాడు. వీరబ్రహ్మం గుండెల మీద ఆనించుకున్న చేతి వంక చూశాడు.

"కంప్యూటర్స్‌లోనే చేరుస్తానన్నా."

వర్షిణి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

"ఇంతసేపు అట్ల చెప్పి ఇప్పుడు ఇట్లంటారేంది అంకుల్?"

"పుస్తకాలు యాడికీ పోవు పాపా. ఎప్పుడైనా చదువుకోవచ్చు. ముందు నాయనను ఉలి దింపనీ."

ఆ పిల్ల కళ్లు తుడుచుకుని తల ఊపింది. ఆయన ఫారం మొత్తం పొందికగా నింపి, ఎక్కడెక్కడ సంతకం పెట్టాలో చూపించాడు. వీరబ్రహ్మం జేబులో చెయ్యి పెట్టబోతే వారించాడు. టైమైపోతోంది, లోపలికి వెళ్లమన్నాడు.

నాలుగింటికి పది నిమిషాలుండగా కరుణాకర్ ఫారం తీసుకున్నాడు. కంప్యూటర్లో గ్రూపు మార్చాడు. ముద్ర కొట్టాడు. తర్వాత జాబితా ఒకసారి చూసుకుని నిట్టూర్చాడు.

"ఏమైందప్పా?" అన్నాడు వీరబ్రహ్మం.

మీకేం కాలేదన్నాడు కరుణాకర్. పొలిటికల్ సైన్స్‌లో ఇరవై మంది ఉంటేనే ఈ ఏడు ఆ గ్రూపు నడుపుతారట. ఈ పాప పోగా మిగిలింది పందొమ్మిది. వాళ్లనందరినీ హిస్టరీలో కలుపుతారు. పదకొండేళ్లుగా ఆ సబ్జెక్టు చెబుతున్న గెస్టు లెక్చరర్‌కే ఇక పని ఉండదు.

"పోయిన వారం ఇరవయ్యో పేరు పడిందని ఆఫీసంతటికీ టీలు తాపించినాడు పాపం."

వర్షిణి ముఖం పాలిపోయింది. మళ్లీ మార్చుకోవడానికి వీలవుతుందేమోనని అడిగింది. మార్పు ఒక్కసారేనన్నాడు కరుణాకర్.

వీరబ్రహ్మం గడప దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు.

"ఆ సార్ యాడుంటాడప్పా? ఒక మాట చెప్పుకొని పోతాం."

కరుణాకర్ వాళ్లిద్దరినీ వింతగా చూశాడు.

"ఇంతసేపూ వరండాలో మీ పక్కన కూర్చోని ఈ ఫారం రాసిచ్చింది ఆ జీవరత్నం సారే కదన్నా."